ఒప్పందానికి ఓటు వేసే సభ ఎక్కడుంది?

(జిల్లా రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో ఫిబ్రవరిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజుల తరగతిలో విత్తనాల గురించి, పంటల బీమా గురించి, ధాన్యం కొనుగోలు గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మనం తీసుకున్న విషయం కాస్త దూరంగా కనబడుతుంది. కొన్ని దేశాలు కలిసి వాణిజ్య కూటమి కట్టుకుంటాయి. ఒక కూటమి ఇంకో కూటమితోనో, ఇంకో దేశంతోనో ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఒప్పందాన్ని ఒప్పుకోవడానికో, తోసిపుచ్చడానికో ప్రజలు ఎన్నుకున్న సభకు అధికారం ఉందా, లేదా? ఇదీ విషయం.

"మాకు యూరియా బస్తా దొరక్క చస్తుంటే ఐరోపా గొడవ మనకెందుకయ్యా" అని కొందరు అనుకోవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఐరోపా దగ్గర కాకుండా మన తోటల దగ్గరే మొదలుపెడదాం.

గెల ధర ఎక్కడ తేలుతోంది?

మన ఏలూరు జిల్లాలోను, గోదావరి జిల్లాల్లోను, అటు తెలంగాణలో ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోను ఆయిల్‌పామ్ వేసిన వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. టన్ను గెలల ధర ఎలా తేలుతుందో మీకు తెలుసు. ముడి పామాయిల్ మార్కెట్ ధర ఎంత, గెలల నుంచి ఎంత శాతం నూనె వస్తోంది అనే రెండు లెక్కల మీద అది తేలుతుంది. నూనె శాతం మన నేలను బట్టి, మిల్లును బట్టి ఉంటుంది. ముడి నూనె ధర మాత్రం మన చేతిలో లేదు. అది ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే నూనె ధరను బట్టి, దాని మీద మన ప్రభుత్వం వేసే దిగుమతి సుంకాన్ని బట్టి నడుస్తుంది.

ఆ రెండు దేశాలూ ఆసియాన్ అనే కూటమిలో సభ్యులు. మన దేశం ఆ కూటమితో 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సరుకుల వ్యాపారం మీద స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంది. 2010 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ముడి పామాయిల్ మీద సుంకం గరిష్ఠ పరిమితిని 2019 చివరికల్లా 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనె మీద 45 శాతానికి దించుకుంటూ రావాలి. అంటే దేశంలో ఆయిల్‌పామ్ రైతు ఎంత నష్టపోయినా ఆ కూటమి నుంచి వచ్చే నూనె మీద అంతకు మించి సుంకం వేయబోమని మనం రాసిచ్చాం.

ఆ గరిష్ఠ పరిమితి కింద ఏం జరుగుతోందో కూడా చూడండి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. గెలల ధరకు ఊపు వచ్చింది. 2025 మే నెలాఖరున దాన్ని 16.5 శాతానికి తగ్గించారు. ఎనిమిది నెలల తేడా. ఆయిల్‌పామ్ మొక్క కాపుకు రావడానికే నాలుగేళ్లు పడుతుంది. ఒకసారి వేస్తే పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఆ తోటతోనే బతకాలి. వరిలాగా ఈసారి మానేసి వచ్చేసారి వేద్దాం అనడానికి లేదు. ముప్పై ఏళ్ల పంటకు ఎనిమిది నెలల భరోసా ఇస్తే రైతు దేన్ని నమ్ముకోవాలి?

పత్తి రైతుకూ ఇదే అనుభవం. 2025 ఆగస్టు 19 నుంచి దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకాన్ని ఎత్తేశారు. మొదట సెప్టెంబరు నెలాఖరు వరకే అన్నారు. తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన గుంటూరు, పల్నాడులోనూ, అటు ఆదిలాబాద్, వరంగల్‌లోనూ పత్తి తీతలు జోరుగా సాగేది సరిగ్గా ఆ నెలల్లోనే. పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలని ప్రకటించిన ప్రభుత్వమే బయటి పత్తికి తలుపు బార్లా తెరిచింది. దీనికి కొత్త చట్టం అక్కర్లేకపోయింది. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్ సరిపోయింది.

కాబట్టి మన పంట ధర మన మార్కెట్ యార్డులోనే తేలిపోవడం లేదు. చాలావరకు కూటముల ఒప్పందాల్లోను, ఢిల్లీ నోటిఫికేషన్లలోను తేలుతోంది. అక్కడ మన మాట వినే సభ ఏదైనా ఉందా? ఈ ప్రశ్నకు జవాబు కోసమే మనం ఐరోపా వైపు చూడాలి.

ట్రాక్టర్లు ఎందుకు బ్రస్సెల్స్ వెళ్లాయి?

దక్షిణ అమెరికాలో మెర్కోసూర్ అనే కూటమి ఉంది. బ్రెజిల్, అర్జెంటీనా, పరాగ్వే, ఉరుగ్వే 1991 మార్చి 26న ఆసున్‌సియోన్ నగరంలో ఒప్పందం రాసుకుని దాన్ని కట్టాయి. ఈ మధ్య బొలీవియా కూడా అందులో చేరింది. గొడ్డుమాంసం, సోయా, చక్కెర, కోళ్లు, మొక్కజొన్న పండించి ప్రపంచానికి అమ్మే దేశాలివి. రెండో పక్క ఐరోపా యూనియన్, 27 దేశాల కూటమి. కార్లు, యంత్రాలు, మందులు, రసాయనాలు అమ్మే పెద్ద కంపెనీలు అక్కడున్నాయి.

ఈ రెండు కూటముల మధ్య చర్చలు 1999లో మొదలయ్యాయి. 2019 జూన్‌లో సూత్రప్రాయంగా కుదిరాయి. మళ్లీ ఆగిపోయాయి. 2024 డిసెంబరు 6న ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో చర్చలు ముగిశాయని ప్రకటించారు. పాతికేళ్లు పట్టింది. ఎందుకంత కాలం పట్టిందంటే, ఒక పక్క వాళ్లు కార్లు అమ్ముకోవాలి, రెండో పక్క వాళ్లు మాంసం అమ్ముకోవాలి. మధ్యలో నలిగేది ఐరోపాలో పశువులు పెంచే రైతు, దక్షిణ అమెరికాలో చిన్న కమతం రైతు.

ఒప్పందం ప్రకారం మెర్కోసూర్ నుంచి ఏటా 99,000 టన్నుల గొడ్డుమాంసం 7.5 శాతం సుంకంతో ఐరోపాకు రావచ్చు. కోడిమాంసం 1,80,000 టన్నులు సుంకం లేకుండా రావచ్చు. అక్కడి పాలకులు ఏమన్నారంటే, "మన మొత్తం గొడ్డుమాంసం ఉత్పత్తిలో ఇది ఒకటిన్నర శాతమే కదా, దీనికింత గోల ఎందుకు?" అన్నారు. రైతులు దానికి జవాబు చెప్పారు. వచ్చేది తక్కువే కావచ్చు గానీ మాకు నాలుగు డబ్బులు మిగిల్చే మేలురకం ముక్కలే వస్తాయి, ధర అక్కడే పడుతుంది అన్నారు. ఐరోపాలో నిషేధించిన పురుగుమందులు, కలుపుమందులు కొట్టిన పంట మా మార్కెట్లోకి ఎలా రానిస్తారని అడిగారు. అందులో ఇంకో తిరకాసు ఉంది. ఐరోపాలో నిషేధించిన మందుల్లో కొన్నింటిని ఐరోపా కంపెనీలే తయారుచేసి బ్రెజిల్‌కు అమ్ముతున్నాయి. ఇక్కడి రైతుకు వద్దన్న విషం అక్కడి కూలీకి ముద్దా?

2025 డిసెంబరు 18న వేలాది రైతులు ట్రాక్టర్లతో బ్రస్సెల్స్ వీధుల్లోకి వచ్చారు. ఆ వారంలోనే బ్రెజిల్‌లో సంతకాలు పెట్టాలనుకున్న కార్యక్రమం వాయిదా పడింది. వాయిదా పడిందే గానీ ఆగలేదు. 2026 జనవరి 9న ఐరోపా ప్రభుత్వాల మండలి ఒప్పందానికి అధిక సంఖ్యాక ఓటుతో పచ్చజెండా ఊపింది. ఫ్రాన్స్, పోలండ్, ఆస్ట్రియా, ఐర్లండ్, హంగరీ వ్యతిరేకంగా ఓటు వేశాయి. అయినా చాల్లేదు. జనవరి 17న ఆసున్‌సియోన్‌లో సంతకాలు అయిపోయాయి.

అక్కడితో కథ ముగిసిందని మనం అనుకుంటాం. ఎందుకంటే మన దగ్గర సంతకం అయిందంటే అయిపోయినట్టే. అక్కడ అలా కాదు. సంతకం పెట్టిన ఒప్పందం ఐరోపా పార్లమెంటు ఆమోదం పొందాలి. జనవరి 21న స్ట్రాస్‌బర్గ్‌లో ఆ పార్లమెంటు ఓటు వేసింది. ఈ ఒప్పందం మన మూల ఒప్పందాలకు లోబడి ఉందా లేదా తేల్చమని ఐరోపా న్యాయస్థానాన్ని అడుగుదాం అనే తీర్మానం మీద ఆ ఓటు జరిగింది. అడుగుదాం అన్న వాళ్లు 334 మంది, వద్దన్న వాళ్లు 324 మంది, తటస్థంగా ఉన్న వాళ్లు 11 మంది. పది ఓట్ల తేడా! బయట చలిలో నిలబడ్డ రైతులకు ఆ పది ఓట్ల విలువ తెలుసు. ఆ ఓట్లు గాలికి రాలేదు. ప్రతి నియోజకవర్గంలో సభ్యుణ్ణి పట్టుకుని, "నువ్వు ఎటు ఓటు వేస్తావో చెప్పు" అని నిలదీస్తే వచ్చాయి.

అంతకు ముందే ఇంకో పని జరిగింది. దిగుమతులు ఒక్కసారిగా పెరిగినా, ధరలు పడిపోయినా విచారణ మొదలుపెట్టి సుంకం రాయితీ ఆపే రక్షణ నిబంధన ఒకటి పెట్టారు. ఎంత పడిపోతే విచారణ? కార్యనిర్వాహక కమిషన్ 10 శాతం అన్నది. 5 శాతం చాలని 2025 డిసెంబరులో పార్లమెంటు ఓటు వేసింది. పది, అయిదు అంటే కాగితం మీద చిన్న తేడా. పశువుల కొట్టంలో అది అప్పుకూ మిగులుకూ మధ్య ఉండే తేడా.

ఆ అధికారం ఎలా వచ్చింది?

ఐరోపా పార్లమెంటుకు ఈ బలం పుట్టుకతో రాలేదు. 1952లో మొదలైనప్పుడు అది ఉక్కు, బొగ్గు కూటమికి అనుబంధంగా ఉన్న ఒక సభ. దేశాల పార్లమెంట్లు తమ సభ్యుల్లో కొందరిని పంపేవి. వాళ్లు మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. 1979 జూన్‌లో మొదటిసారి ప్రజలు నేరుగా ఓటు వేసి సభ్యులను ఎన్నుకున్నారు. ఆ తర్వాత కూడా వ్యవసాయం విషయంలో చాలాకాలం ఆ సభ అభిప్రాయం చెప్పడం వరకే. కూటమి బడ్జెట్‌లో వ్యవసాయానిదే పెద్ద వాటా అయినా, దాని మీద చట్టం చేసేది మంత్రుల మండలి. 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాకే వ్యవసాయ చట్టాల్లో ఆ సభకు సమాన వాటా వచ్చింది. వాణిజ్య ఒప్పందాలకు ఆ సభ ఆమోదం తప్పనిసరి అయింది.

ఆ అధికారం ఉత్తుత్తిది కాదని 2012 జులై 4న తేలింది. నకిలీ సరుకులను అరికడతామనే పేరుతో యాక్టా అనే అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. దాని మీద ఐరోపా ప్రభుత్వాలు సంతకాలు కూడా పెట్టాయి. పార్లమెంటు 478 ఓట్లతో దాన్ని తిరస్కరించింది. అనుకూలంగా వచ్చినవి 39 ఓట్లే. ఐరోపాలో ఆ ఒప్పందం అక్కడితో చచ్చిపోయింది.

ఇప్పుడు ఎదుటి కూటమిని చూడండి. మెర్కోసూర్‌కూ ఒక పార్లమెంటు ఉంది. పార్లసూర్ అంటారు. 2007 మే నుంచి మాంటెవిడియోలో సమావేశమవుతోంది. పరాగ్వే, అర్జెంటీనా ప్రజలు తమ సభ్యులను నేరుగా ఎన్నుకున్నారు కూడా. కానీ ఆ సభ చేసే తీర్మానానికి ఎవరూ కట్టుబడాల్సిన పనిలేదు. సిఫారసు చేస్తుంది, ప్రకటన చేస్తుంది, అంతే. ఒప్పందాన్ని ఆపే శక్తి దానికి లేదు. ఆ పని ఏ దేశం పార్లమెంటు ఆ దేశంలో చేసుకోవాల్సిందే. ఆఫ్రికా ఖండం మొత్తానికి 2004లో ఏర్పడిన పార్లమెంటు కూడా సలహా సభే. అదే ఆఫ్రికాలో తూర్పు ఆఫ్రికా దేశాల కూటమికి అరూషా నగరంలో ఒక శాసనసభ ఉంది. అది చేసే చట్టాలు సభ్యదేశాల్లో అమలవుతాయి. అంటే పేరు అన్నిచోట్లా ఒక్కటే, పస వేరు.

ఇది మనకు అర్థం కాని విషయమేమీ కాదు. మన గ్రామసభ తీర్మానం చేస్తుంది. ఇసుక తవ్వొద్దని, భూమి ఇవ్వమని రాసి సంతకాలు పెడతాం. ఆఫీసులో ఆ కాగితాన్ని ఫైల్లో పెడతారు. తీర్మానానికి విలువ ఉన్నచోట గ్రామసభ బతికి ఉంటుంది. విలువ లేనిచోట మంచినీళ్లు తాగి లేచిపోతాం. కాబట్టి కూటమికి పార్లమెంటు ఉందా అని అడిగితే సరిపోదు. ఆ పార్లమెంటు వద్దంటే ఆగుతుందా అని అడగాలి.

పెద్ద సభతో వచ్చే చిక్కు

ఐరోపాలో అంతా బాగుందని చెప్పడం మా ఉద్దేశం కాదు. అక్కడా ఒక మెలిక ఉంది. ఫ్రాన్స్ జాతీయ సభ 2024 నవంబరు 26న ఈ మెర్కోసూర్ ఒప్పందం మీద చర్చించింది. దాన్ని వ్యతిరేకిస్తున్న తమ ప్రభుత్వ వైఖరికి 484 మంది మద్దతిచ్చారు. 70 మంది మాత్రమే కాదన్నారు. రైతుల ఒత్తిడితో కుడి ఎడమలన్నీ ఒక్కటయ్యాయి. అయినా ఫ్రాన్స్ ఒప్పందాన్ని ఆపలేకపోయింది. కూటమిలో వాణిజ్యం మీద అధికారం ఉమ్మడిది. ఒక దేశం వద్దన్నా మిగతావాళ్లు చాలినంత మంది ఉంటే ముందుకు పోవచ్చు. పైగా వాణిజ్య భాగాన్ని విడదీసి వేరే ఒప్పందంగా పెట్టారు. దాంతో ఆ భాగానికి 27 దేశాల పార్లమెంట్ల ఆమోదం అక్కర్లేకుండా పోయింది.

అంటే ఉమ్మడి సభ రైతుకు ఒక తలుపు తెరిచింది. ఉమ్మడి కూటమి ఇంకో తలుపు మూసింది. ఇది మనకూ తగిలే పాఠమే. 2009 అక్టోబరు 2న కేరళలో ఆసియాన్ ఒప్పందానికి వ్యతిరేకంగా కాసరగోడ్ నుంచి తిరువనంతపురం దాకా వామపక్ష కూటమి పిలుపుతో జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే ఆ ఒప్పందాన్ని వ్యతిరేకించింది. మిరియాల రైతు, కొబ్బరి రైతు గోడు అది. రాష్ట్రం మొత్తం వద్దన్నా ఒప్పందం మూడు నెలల్లో అమల్లోకి వచ్చింది. ఫ్రాన్స్ బాధా, కేరళ బాధా ఒకలాంటివే. కాకపోతే ఫ్రాన్స్ రైతుకు ఇంకో సభలో ఇంకో ఓటు మిగిలి ఉంది. కేరళ రైతుకు ఏ సభలోనూ ఓటు మిగల్లేదు.

రెండు పద్నాలుగులు

ఎందుకు మిగల్లేదు? మన రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలుచేయడం. రెండూ పద్నాలుగే. కార్యకర్తలు ఈ అంకె గుర్తుపెట్టుకుంటే చాలు, ఊళ్లో ఎవరికైనా వివరించవచ్చు. వ్యవసాయం రాష్ట్రానిది. ఆ వ్యవసాయం ధరను తేల్చే ఒప్పందం కేంద్రానిది. ఒప్పందం అమలు కోసం రాష్ట్ర జాబితాలోని విషయం మీద కూడా చట్టం చేసే అధికారం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది.

పోనీ కేంద్రంలో పార్లమెంటు అన్నా ఓటు వేస్తుందా? ఒప్పందం చేసుకోవడానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అనే నియమం మనకు లేదు. మంత్రివర్గం ఆమోదిస్తుంది. సంతకం అవుతుంది. సుంకాల తగ్గింపు నోటిఫికేషన్‌తో అమలవుతుంది. చట్టం మార్చాల్సి వస్తేనే పార్లమెంటు ముందుకు వస్తుంది. 1994లో మరాకేష్‌లో సంతకాలు పెట్టి 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడూ అంతే. ఆసియాన్ ఒప్పందం అప్పుడూ అంతే. ఇందులో ఫలానా పార్టీ, ఫలానా ప్రభుత్వం అని లేదు. అధికారంలో ఎవరున్నా ఇదే పద్ధతి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2026 జనవరి 27న ఢిల్లీలో మన దేశం, ఐరోపా యూనియన్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని ప్రకటించాయి. పాడిని, ధాన్యాలను ఒప్పందం బయటే ఉంచామని మన ప్రభుత్వం చెప్పింది. మంచిదే. మనం కోరిందీ అదే. రొయ్యల రైతుకు, చేనేత కార్మికుడికి కొంత మేలు జరగొచ్చు కూడా. మేలు జరిగితే కాదనే వాళ్లం కాదు. ఒప్పందం అనగానే కీడు అని మన సంఘం ఎప్పుడూ చెప్పలేదు.

కానీ ఒక్క సంగతి చూడండి. ఆ కాగితం ఐరోపాలో అమలు కావాలంటే వాళ్ల పార్లమెంటు ఓటు కావాలి. 720 మంది సభ్యులు చదువుతారు, కమిటీల్లో ప్రశ్నలు వేస్తారు, చేతులెత్తి తేలుస్తారు. పోలండ్ రైతు, ఐర్లండ్ రైతు తమ సభ్యుణ్ణి పిలిచి "మా పాల సంగతేమిటి" అని అడగొచ్చు. అదే కాగితం మన పక్కన లోక్‌సభ ఓటుకు రావాలనే నియమం లేదు. ఒకే ఒప్పందం. ఒక వైపు రైతుకు దాని మీద ఓటు ఉంది, రెండో వైపు రైతుకు లేదు. ప్రపంచంలో అతిపెద్ద ప్రజాస్వామ్యమని చెప్పుకునే దేశంలో ఇది ఏమి న్యాయం?

"మనకు ఓటు లేకపోయినా రోడ్డెక్కి ఆపలేమా?" అని అడగవచ్చు. ఆపాం. 2019లో పదహారు దేశాల ఆర్‌సెప్ కూటమి చర్చలు జరిగినప్పుడు న్యూజిలాండ్ పాలపొడి మన పాడిని ముంచుతుందని దేశమంతటా రైతు సంఘాలు కదిలాయి. ఆ ఏడాది నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రభుత్వం చేరబోమని చెప్పింది. అది మనకు గర్వకారణం. అయితే ప్రతిసారీ రోడ్డెక్కితేనే మాట వినబడాలంటే చిన్న రైతు పొలం పని ఎప్పుడు చేసుకోవాలి? రోడ్డు మీద గెలిచింది చట్టంలో రాయించుకోకపోతే ఇంకో ఏడాది ఇంకో పేరుతో అదే వస్తుంది.

ఎదుటి రైతు శత్రువు కాడు

ఇంకో మాట జాగ్రత్తగా వినండి. మలేషియా నూనె, ఐరోపా పాలు అంటూ మాట్లాడేటప్పుడు ఆ దేశాల రైతుల మీద కోపం పెంచుకోకూడదు. మెర్కోసూర్ ఒప్పందం మీద ఫ్రాన్స్ రైతు ఒక్కడే పోరాడలేదు. బ్రెజిల్‌లో భూమిలేని కార్మికుల ఉద్యమం, చిన్న రైతు సంఘాలు కూడా దాన్ని వ్యతిరేకించాయి. ఎగుమతులు పెరిగితే లాభం పెద్ద భూస్వాములకు, మాంసం కంపెనీలకు పోతుందని, అడవి, చిన్న కమతం పోతాయని వాళ్ల వాదన. 1993లో ఏర్పడిన లా వియా కంపెసీనా అనే ప్రపంచ రైతుల వేదికలో ఈ రెండు పక్కల సంఘాలూ కలిసే ఉన్నాయి.

ఆ దక్షిణ అమెరికా చిన్న రైతుల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. వాళ్ల కూటమి పార్లమెంటుకు పస లేదని చెప్పుకున్నాం కదా. చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2004లో మెర్కోసూర్‌లోనే కుటుంబ వ్యవసాయం మీద ఒక ప్రత్యేక వేదిక సాధించుకున్నారు. అక్కడ ప్రభుత్వ అధికారులతో పాటు చిన్న రైతు సంఘాల ప్రతినిధులు కూర్చుంటారు. కుటుంబ వ్యవసాయం అంటే ఏమిటో అన్ని దేశాలకూ పనికివచ్చే నిర్వచనం, ఆ రైతుల పేర్ల నమోదు అక్కడి చర్చల్లోంచి వచ్చాయి. బ్రెజిల్ 2006లో కుటుంబ వ్యవసాయానికి విడిగా చట్టమే చేసుకుంది.

ఇది మన కౌలు రైతుకు సూటిగా తగిలే విషయం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం వచ్చింది. అయినా భూమి యజమాని సంతకం పెట్టకపోతే కార్డు రాదు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, కొనుగోలు కేంద్రంలో పేరు లేదు. సర్కారు లెక్కలో రైతే కానివాడిని ఒప్పందానికి ముందు ఎవరు సంప్రదిస్తారు? ధర పడిపోతే నష్టపరిహారం ఎవరి ఖాతాలో వేస్తారు? మొదట మనల్ని లెక్కలోకి తెచ్చుకోవాలి. ఒప్పందాల మీద పోరాటమూ కౌలు గుర్తింపు పోరాటమూ వేర్వేరు కావు.

మనం ఏం అడగాలి?

మొదటిది, వ్యవసాయాన్ని తాకే ఏ వాణిజ్య ఒప్పందమైనా సంతకానికి ముందు దాని పాఠాన్ని పార్లమెంటులో పెట్టాలి, చర్చించాలి, ఓటు తీసుకోవాలి. ఆ పాఠం తెలుగులోనూ రైతుకు అందాలి. ఏ సరుకు మీద ఎన్నేళ్లలో ఎంత సుంకం తగ్గుతుందో పట్టిక చదివితే మన పదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. దాచడానికి ఏముంది?

రెండోది, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్రాల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు ఆయిల్‌పామ్, పత్తి, మిర్చి, పసుపు, మొక్కజొన్న, పాడి మీద తమ మాట తీర్మానంగా చెప్పాలి.

మూడోది, దిగుమతి ధర మద్దతు ధర కంటే కిందికి దిగితే దానంతట అదే సుంకం పెరిగే ఏర్పాటు ఉండాలి. ఐరోపా రైతు పదిని అయిదు చేయమని అడిగాడు. మనం కనీసం ఒక అంకె రాయమని అడుగుతున్నాం.

నాలుగోది, ఆసియాన్ ఒప్పందం సమీక్షలో ఆయిల్‌పామ్ రైతుల ప్రతినిధులను పిలవాలి. ముప్పై ఏళ్ల తోట వేయమని రాయితీ ఇచ్చిన ప్రభుత్వమే సుంకం ముచ్చట వచ్చేసరికి ఆ రైతును మరచిపోతే కుదరదు.

ఇక కార్యకర్తలు చేయాల్సిన పని. ఈ నెలలో ప్రతి మండలంలో ఒక సమావేశం పెట్టండి. పెద్ద సభ అక్కర్లేదు, రచ్చబండ దగ్గర ఇరవైమంది చాలు. మన పంటల్లో ఏది ఏ కూటమి ఒప్పందం కిందికి వస్తుందో రాసుకోండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. తర్వాత మీ పార్లమెంటు సభ్యుడి దగ్గరికి గుంపుగా వెళ్లండి. ఆయన ఏ పార్టీ అయినా సరే, దండ వేయడానికీ తిట్టడానికీ కాదు. ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, ఐరోపా ఒప్పందం మీద స్ట్రాస్‌బర్గ్‌లో వాళ్ల సభ్యుడు ఓటు వేస్తాడు. ఢిల్లీలో మీరు ఎప్పుడు వేస్తారు?" ఆయన చెప్పిన జవాబు తేదీతో సహా రాసి సంఘం ఆఫీసుకు పంపండి. వచ్చిన జవాబులన్నీ ఈ పత్రికలో వరసగా వేద్దాం.

ఐరోపా ప్రజలకు తమ ఉమ్మడి సభలో ప్రతినిధిని నేరుగా ఎన్నుకోవడానికి 1979 దాకా, ఆ ప్రతినిధికి ఒప్పందాల మీద ఓటు రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. మనకు పార్లమెంటు ఉంది, ఓటు ఉంది, సభ్యుడూ ఉన్నాడు. లేనిదల్లా ఒప్పందాన్ని ఆ సభ ముందు పెట్టి తీరాలనే ఒక్క చట్టం. దాన్ని సాధించుకుందాం.

సెలవు.